గుంజితే ఊడే కోటు

మా దుకాణం దవాఖానకు పోయే సందులో ఉంటుంది. పెద్దదేం కాదు. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడకు ఒక అద్దం. జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్, పీకో వేస్తాను. పదో తరగతి వరకు చదివాను. లెక్కల్లో తప్పి, మళ్లీ రాసి పాసయ్యాను, ఆ తర్వాత చదువు జోలికి పోలేదు. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, నేను రాస్తున్నది డాక్టర్ల గురించి. నీకేం తెలుసని రాస్తున్నావని ఎవరైనా అడగొచ్చు. నాకు తెలిసింది వాళ్ల కోట్ల గురించే. మిగతాదంతా ఆ కోట్ల వెనకే వచ్చింది.

ఏ దవాఖానో, ఏ కాలేజో చెప్పను. ఎవరి పేరూ రాయను.

డాక్టరు చదువు అయిపోయాక, పట్టా చేతికి రాకముందు పిల్లలు ఒక ఏడాది దవాఖానలో పనిచేయాలట. హౌస్ సర్జన్లు అంటారు వాళ్లను. కొన్ని నెలలకోసారి ఒక గుంపు వస్తుంది, ఒక గుంపు పోతుంది. అందరికీ తెల్లకోట్లు కావాలి. రెడీమేడ్‌వి భుజాల దగ్గర సరిగా కూర్చోవు కాబట్టి నా దగ్గరికి వస్తారు. ఒకరికి మెడలో వేసుకునే గొట్టం పట్టేంత జేబు కావాలి. ఒకరికి ఫోన్ కనిపించకుండా లోపలి జేబు కావాలి. ఒకబ్బాయికైతే సమోసా పెట్టుకున్నా బయటికి నూనె మరక తేలని జేబు కావాలట. "అట్లాంటి బట్ట ఇంకా పుట్టలేదు సార్" అన్నాను.

పోయినేడు ఒక గుంపు వచ్చినప్పుడు మాత్రం కొత్త కోరిక విన్నాను.

"అక్కా, కాజాలు కుట్టకు. టిచ్ బటన్లు పెట్టు" అంది ఒకమ్మాయి.

"టిచ్ బటన్లా? అవి చిన్నపిల్లల గౌనులకు పెడ్తరు మేడం. జర గుంజితే ఊడిపోతయ్."

"ఊడిపోవాలనే అక్కా."

వెనక ఉన్న అబ్బాయి నవ్వుతూ చెప్పాడు. "ఎవరన్న కాలర్ పట్టుకొని గుంజిన్రనుకో, కోటు వాళ్ల చేతిల ఉండాలె, మేము గేటు బయట ఉండాలె. మా సీనియర్లు చెప్పిన్రు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్లు పోయాక ఇస్త్రీ పెట్టె పట్టుకుని నిలబడితే ఆ నవ్వు ఆగిపోయింది. ఇరవై మూడేళ్ల పిల్లలు, కోటు ఎంత అందంగా ఉండాలని కాదు, ఎంత తొందరగా ఊడాలని అడుగుతున్నారు.

ఆ గుంపులో ఒకమ్మాయి మాత్రం టిచ్ బటన్లు వద్దంది. "నాకు మామూలుగనే పెట్టు అక్కా. నన్నెవరు కొడ్తరు? చూస్తే ఇంటర్ పిల్ల లెక్క ఉంట."

నిజంగానే అట్లా ఉండేది. సన్నగా, కరీంనగర్ వైపు యాస, చేతులకు ఎప్పుడూ డెట్టాల్ వాసన. డ్యూటీ మధ్యలో వచ్చి నా స్టూలు మీద కూర్చుని అన్నం డబ్బా తెరిచేది. నేను మేడం అనేదాన్ని, ఆమె అక్కా అనేది. నేను వాగుతూనే ఉంటాను, ఆమె తింటూ వినేది.

ఒకరోజు, కాలేజీ సార్ జనాన్ని అడిగి నింపించమన్న కాగితాలు తెచ్చింది.

"అక్కా, ఇది చదివి అర్థమైతుందో లేదో చెప్పు."

"నేనా? పదో తరగతి నేను."

"అందుకే నీకిస్తున్న."

కోపం రావాలి గానీ రాలేదు. తీసుకుని చదివాను. పైన పెద్ద అక్షరాలతో 'అవయవదానంపై మీ అభిప్రాయం' అని ఉంది. కింద ప్రశ్నలు. మొదటి ప్రశ్నలోనే 'మస్తిష్క మరణం' అని ఉంది.

"ఇదేంది మేడం, పంతులు మంత్రం చదివినట్టు ఉన్నది."

"బ్రెయిన్ డెడ్ అక్కా."

"గట్లనే రాయున్రి మరి. టీవీల వింటరు గదా, అందరికీ తెలుస్తది."

అప్పుడే ఆమె నాకు వివరంగా చెప్పింది. మెదడు పూర్తిగా చచ్చిపోయి, మిషన్ మీద గుండె మాత్రం ఆడుతున్నవాళ్ల నుంచే కిడ్నీలూ కాలేయమూ తీస్తారట. అదీ హైదరాబాద్ లాంటి చోట, పెద్ద దవాఖానల్లో, నలుగురు డాక్టర్లు చూసి రాసి, ఇంటివాళ్లు ఒప్పుకున్నాకే. మా టౌను దవాఖానలో అలాంటివేం జరగవు. ఊపిరి ఆగిపోయిన మనిషి నుంచి కండ్లు మాత్రం ఇవ్వొచ్చు, అదీ కొన్ని గంటల్లోపే.

ముందు ఈ కాగితం వాళ్ల కాలేజీ పిల్లలే నింపారట. "ఏమన్నరు మరి?" అని అడిగాను.

"మంచిదేనా అంటే అందరు మంచిదే అన్నరు. నువ్విస్తవా అంటే షానామంది ఇస్త అన్నరు. మీ నాయనవి ఇస్తవా అనే ప్రశ్న కాడ అందరి పెన్ను ఆగింది. ఇంట్ల చెప్పినవా అంటే ఎవ్వరు చెప్పలే."

"మీరో?"

ఆమె పర్సు తెరిచి ఒక కార్డు చూపింది. "నింపిన. మా అమ్మకు చెప్పలే. తెలిస్తే కాశికి తీస్కపోయి పూజ చేయిస్తది."

నన్నూ ఆ ప్రశ్నలన్నీ అడిగింది. నేను కండ్లు ఇస్తాను, గుండె మాత్రం ఇవ్వను అన్నాను.

"ఎందుకక్కా?"

"గుండెల మస్తు మందిని పెట్టుకున్న మేడం. అది తీస్కపోయి ఇంకొకరికి పెడితే నావోళ్లంత ఎవరింటికి పోవాలె?"

ఆమెకు నవ్వుతో పొలమారింది. నీళ్లు ఇచ్చాను. ఆ నవ్వులోనే, నేను అనకూడని మాట అన్నాను.

"కింద సంతకం లేదేంది మేడం?"

"పేరొద్దక్కా. ఎవరు రాసిన్రో తెల్వకుంటేనే నిజం రాస్తరు."

"సంతకం లేకుంటే మనోళ్లు దాన్ని కాయితమే అనుకోరు. పల్లీలు పెట్టుకొని తింటరు. కింద ఒక గీత గీసి సంతకమో ఏలిముద్రో పెట్టియ్యున్రి. అప్పుడు చూడున్రి, ఎట్ల మనసు పెట్టి చెప్తరో."

అది నిజమే కూడా. మా వైపు కాగితమంటే సంతకమే. రేషను, పింఛను, పాసుబుక్కు, బడి, అన్నింటికీ సంతకం పెట్టాం కాబట్టే ఆ పని అయిందనుకుంటాం. పెట్టమన్నచోట పెడతాం, చదవం. ఆ చివరి మాట మాత్రం ఆ రోజు నాకు తట్టలేదు.

మర్నాడే ఆమె కొత్త కాగితాల కట్ట తెచ్చింది. అడుగున గీత, పక్కన 'సంతకం / వేలిముద్ర' అని. ఇంకుప్యాడ్ కూడా కొంది. "నీ ఐడియానే అక్కా" అంది. నేను ఆ రోజంతా ఉబ్బిపోయి, జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఇద్దరికి చెప్పుకున్నాను కూడా, డాక్టర్లు నన్ను సలహా అడుగుతున్నారని.

ఆ తర్వాతి వారం మా వదిన తమ్ముడు చనిపోయాడు.

కోహీర్‌లో జామతోట పనికి పోయేవాడు. ఇరవై నాలుగేళ్లు. పొద్దున బండి మీద మా టౌను జహీరాబాద్ వస్తుంటే హైవే మీద ట్రాక్టరును తప్పించబోయి పడ్డాడు. మా అన్న ఆ రోజు ఎరువుల కోసం టౌనుకు వచ్చి ఉన్నాడు, ఫోన్ రాగానే దవాఖానకు ఉరికాడు. నేను ఊళ్లో లేను, లైనింగ్ బట్టలకు బీదర్ పోయాను. అక్కడే ఫోన్ వచ్చింది. వదిన పుట్టిల్లు న్యాల్‌కల్ దగ్గరి పల్లె, బీదర్ నుంచి వచ్చే దారిలోనే. బస్సు దిగి నేరుగా అక్కడికే పోయాను.

శవం మర్నాడు వచ్చింది. ఆడవాళ్లమంతా లోపల వదిన చుట్టూ కూర్చున్నాం. నీళ్ల కోసం నేను బయటికి వస్తే మగవాళ్లు మాట్లాడుకుంటున్నారు.

"పొట్ట మీద కుట్లు చూసినవా? గోనెసంచి కుట్టినట్టు కుట్టిన్రు."

"ఊకెనే కుడ్తరా? లోపల తీసిన్రు గాబట్టే కుట్టిన్రు."

"సంతకం గూడ పెట్టిచ్చుకున్నరు గదనే" అన్నాడు మా అన్న. "వాన్ని లోపలికి తీస్కపోయినంక బెంచీ మీద కాయితాలు కనబడితే నేనే పెట్టిన. దవాఖానల చేర్చుకునే భర్తీ కాయితం అనుకున్న. అర్ధగంటల పాణం పోయిందన్నరు. అప్పుడు పక్కాయన సదివి చెప్పిండు, ఇది కిడ్నీల కాయితం అని."

"మరి ఊకున్నవా?"

"ఎట్ల ఊకుంట? ఆ డాక్టర్ పోరి బయటికి రాంగనే కాలర్ పట్టి గుంజిన. చిరిగి సగం చేతికొచ్చింది."

"మంచిగ చేసినవ్."

అన్న చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. పైన పెద్ద అక్షరాలు, కింద గీత. గీత మీద మా అన్న వంకర సంతకం. నేను చెయ్యి చాపి తీసుకున్నాను.

నా నోరు ఊరుకునే రకం కాదు. "అన్నా, ఇది కిడ్నీల కాయితం కాదు. ఊకె ప్రశ్నలు అడిగే కాయితం" అన్నాను.

ఒక పెద్దాయన నా వైపు తిరిగాడు. "జాకెట్లు కుట్టేదానివి, నీకేం తెలుసు పిల్లా? లోపలికి పో."

నాకు తెలుసు. అక్కడున్న అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. ఆ గీత నేనే గీయించానని ఒక్కమాట అంటే చాలు. లోపలి నుంచి వదిన ఏడుపు వినిపించింది. కాగితం మడిచి అన్న చేతికిచ్చి, నీళ్ల బిందె తీసుకుని లోపలికి పోయాను.

నాలుగు రోజుల తర్వాత దుకాణం తెరిచాను. మధ్యాహ్నం ఆ డాక్టరు పిల్ల వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో కోటు. మెడ చుట్టూ చున్నీ.

"కుట్టొస్తదా అక్కా?"

బల్ల మీద పరిచాను. కాలర్ ఒక పక్క ఊడి వేలాడుతోంది. భుజం కుట్టు మోచేతి దాకా పగిలింది. నేను కుట్టిన బటన్లు మాత్రం నాలుగూ గట్టిగా ఉన్నాయి. ఎప్పుడూ నేను గొప్పగా చెప్పుకునేది అదే, నా బటన్ ఊడదని. ఊడి ఉంటే కోటు పోయేది, మనిషి బయటపడేది. ఆమె చున్నీ జరిగినప్పుడు చూశాను, మెడ మీద కాలర్ కోసుకుపోయిన ఎర్రటి గీత.

"ఎట్లయింది మేడం?" అని అడిగాను. తెలిసి అడిగాను.

ఆమె చెప్పింది. ఆ పొద్దున క్యాజువాలిటీ ముందు బెంచీ మీద కూర్చున్నవాళ్లకు కాగితాలు ఇస్తోందట. అప్పుడే ఆటోలో ఆక్సిడెంట్ కేసు వచ్చింది. చేతిలోని కట్ట అట్లాగే బెంచీ మీద పడేసి లోపలికి ఉరికింది.

"షానా సేపు చేసినం అక్కా. ఛాతి మీద నొక్కీ నొక్కీ నా చేతులు పడిపోయినై. కాలే. నేనే చెప్త అని బయటికొచ్చిన. చావు సంగతి చెప్పేటప్పుడు తలుపు దగ్గర నిలబడి చెప్పాలె, ఒక్కరే పోవద్దు అని సీనియర్లు చెప్తరు. పుస్తకంల ఉండదు అది. నేను మర్చిపోయి ఇంటోళ్ల మధ్యలకు పోయిన. కిడ్నీలు, కిడ్నీలు అని అరిచిన్రు. ఏం కిడ్నీలో నాకు ఇప్పటికీ సమజ్ కాలే."

సూది దారం నా చేతిలో ఉన్నాయి. దారం ఎక్కడం లేదు.

"మా బ్యాచోళ్లు నన్నే తిడ్తున్నరు, టిచ్ బటన్లు పెట్టుకోమంటే వినలే అని. మా నాన్న ఫోన్ చేసి వచ్చెయ్ అంటుండు. సార్లు కంప్లైంట్ రాయమంటున్నరు. ఏమని రాయాలె? అంత మంది గుంపుల గుంజిన చెయ్యి ఎవరిదో తెల్వదు. ఆ మూలకు కెమెరా గూడ లేదు."

"ఒక్కటి అడుగుత మేడం. ఆక్సిడెంట్‌ల పోయినోళ్ల పొట్ట ఎందుకు కోస్తరు?"

"పోస్టుమార్టం. పోలీసు కేసు గదా, చెయ్యాల్సిందే. మళ్లా కుట్టి ఇస్తరు. ఎందుకక్కా?"

"ఊకెనే. ఎవరో అంటే విన్న."

ఆమె పోయింది. గంటలో అయ్యే పనికి నేను రెండు రోజులు పట్టాను. పగిలిన కుట్టంతా విప్పి, పోగులు తీసి, లోపల పట్టీ వేసి మళ్లీ కుట్టాను. కుడుతున్నంతసేపూ రెండు ముఖాలే కళ్ల ముందు. ఒకటి ఆమెది. ఒకటి మా అన్న పిల్లలది, ఇద్దరూ కలిసి ఒకే ముఖంలా కనిపించేవారు. నేను చెబితే అన్న మీద కేసు అవుతుంది. డాక్టర్ల మీద చెయ్యి చేసుకుంటే జైలే అని దవాఖాన గోడ మీదే బోర్డు ఉంది. అన్న జైలుకు పోతే, తమ్ముణ్ని పోగొట్టుకున్న వదిన గతేమిటి? చెప్పకపోతే ఈ పిల్ల ఎందుకు దెబ్బ తిన్నదో కూడా తెలియకుండా, బహుశా చదువే వదిలి, వెళ్లిపోతుంది.

ముందు అన్న దగ్గరికే పోయాను. మా పుట్టిన ఊరు రాయికోడ్ దగ్గర. ఆదివారం పొద్దున పోతే అన్న అల్లం చేనులో కలుపు తీస్తున్నాడు. వదిన ఇంకా పుట్టింట్లోనే ఉంది.

"ఏందే చెల్లె, చెప్పకుండ వచ్చినవ్?"

నేను గట్టు మీద కూర్చున్నాను. "అన్నా, ఆ కుట్లు పోస్టుమార్టంవి. ఆక్సిడెంట్ అయితే ఎవరికైన చేస్తరట. మనూరి దవాఖానల కిడ్నీ తీసుడే కాదంట."

"ఎవరు చెప్పిన్రు?"

"నువ్వు గుంజిన పిల్లే చెప్పింది. నేను కుట్టిన కోటే అది."

అన్న చేతిలోని కొడవలి కింద పెట్టాడు. "మరి సంతకం ఎందుకు పెట్టిచ్చుకున్నరు? నన్ను పిచ్చోడనుకున్నవా? సంతకం ఊకెనే అడుగుతరా ఎవరన్న?"

"నేనే పెట్టియ్యమన్న."

"ఏంది?"

"సంతకం లేకుంటే మనోళ్లు లెక్కచెయ్యరని నేనే చెప్పిన ఆమెకు. ముందు లేకుండె."

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. మట్టిగడ్డ ఒకటి తీసి వేళ్లతో నలుపుతూ కూర్చున్నాడు.

"ఆ పిల్లకు దెబ్బ తగిలిందా?"

"మెడ కోసుకపోయింది."

"నేను కోటే గదనే పట్టింది."

"కోటుల మనిషి ఉన్నది అన్నా."

అన్న చేతుల మట్టి దులుపుకుంటూ అన్నాడు. "వాన్ని లోపలికి తీస్కపోయేటప్పుడు నా చొక్కా పట్టుకున్నడు. నర్సమ్మ ఇడిపిచ్చింది. నేను బయట ఉండిపోయిన. ఆ కాయితం చూడంగనే, నేనే సంతకం పెట్టి చంపిన అనిపిచ్చింది. ఇగ ఏం కనబడలే."

నాకు ఏడుపొచ్చింది. అయినా చెప్పాను. "నేను ఆమెకు చెప్పబోతున్న అన్నా."

"ఏం చెప్తవ్? మా అన్ననే అని చెప్తవా?"

"చెప్త."

"పో. చెప్పు. నన్ను జైలుకు పంపి నువ్వు సల్లగ మిషను తొక్కుకో." కొడవలి తీసుకుని చేనులోకి వెళ్లిపోయాడు. బస్సు ఎక్కేదాకా వెనక నుంచి పిలుస్తాడేమోనని చూశాను.

మర్నాడు ఆమె కోటు కోసం వచ్చింది. కోటు ఇవ్వకముందే చెప్పాలని, మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇస్తే వేసుకుని వెళ్లిపోతుంది, నాకు ధైర్యం చాలదు.

మొత్తం చెప్పాను. కాగితం గురించి, బెంచీ గురించి, పక్కాయన చదివి చెప్పడం గురించి. ఆఖరికి, ఆ చెయ్యి ఎవరిదో.

ఆమె చెయ్యి మెడ మీదికి పోయింది.

"ఇన్ని రోజులు నీకు తెల్సా అక్కా?"

"తెల్సు."

"పోస్టుమార్టం గురించి అడిగినప్పుడు తెల్సా?"

"తెల్సు మేడం."

"సంతకం వద్దని సార్ మొదట్నే చెప్పిండు. నేనే వినలే. ఆయననే బతిలాడి గీత పెట్టిచ్చిన." గొంతు పెరిగింది. "క్యాజువాలిటీ ముందు ఆ కాయితాలు పంచొచ్చునా? అక్కడ కూసున్నోళ్ల ఇంట్లోళ్లు లోపల చస్తుంటే! ఎవరన్న చెప్పాల్నా నాకు? సార్‌కు తొందరగ ఇయ్యాలె అని, బెంచీ మీద మనుషులు కనబడిన్రు, ఇచ్చేసిన. తప్పు నాది గూడ ఉన్నది. కానీ తప్పు ఉంటే కొడ్తరా? అడగరా?"

ఒళ్లో కోటు మడత సరిచేశాను.

అన్నకు పిల్లలున్నారని చెబుదామని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆమె క్షమించేస్తుందని, పోనీలే అక్కా అంటుందని మనసులో ఎక్కడో ఆశ ఉండేది. దాచను.

ఆమె బ్యాగులోంచి పెన్ను తీసింది.

"పేరు చెప్పు అక్కా."

"మేడం..."

"నేను ఊకుంటే ఇంకొకరోజు ఇంకొకరిని పట్టుకుంటరు. మా నర్సమ్మ కడుపుతోని ఉన్నది, ఆ రోజు నా పక్కనే నిలబడ్డది. నువ్వు చెప్పాలని చెప్పినవా, నీ మనసు తేలిక చేసుకోవాలని చెప్పినవా?"

చెప్పాను. అన్న పేరు, నాయన పేరు, ఊరు. నా నోటితోనే. ఆమె నా బల్ల మీదే రాసుకుంది, కోటు తీసుకుంది.

"నీ మీద కోపం లేదని చెప్పలేను అక్కా" అని మెట్టు దిగింది.

అన్నకు ఫోన్ చేసి, నీ పేరు చెప్పానన్నాను. పెట్టేశాడు. ఆ తర్వాత నా ఫోన్ ఎత్తలేదు. కానీ పోలీసులు ఊరికి పోకముందే, మర్నాడు పొద్దున తనే స్టేషనుకు వచ్చి, డాక్టరమ్మ కోటు గుంజింది నేనే అని చెప్పాడట. కొన్నాళ్లకు బెయిలు వచ్చింది. ఇప్పుడు వాయిదాలకు జహీరాబాద్ వస్తాడు, మా సందు ముందు నుంచే పోతాడు, దుకాణం వైపు చూడడు. చూసేరోజు వస్తుందో రాదో తెలియదు.

ఆమె చదువు వదల్లేదు. ఆ సంగతి వాళ్ల బ్యాచ్ పిల్లలు చెప్పారు. నా దగ్గరికి మాత్రం రాలేదు. అన్నం తినే స్టూలు మీద నేను బట్టలు పెట్టుకోవడం మొదలుపెట్టాను.

రెండు నెలలకు అనుకుంటా, ఒక మధ్యాహ్నం వదిన వచ్చింది. జాకెట్ ముక్క తెచ్చింది. అన్నకు చెప్పి వచ్చిందో, చెప్పకుండా వచ్చిందో నేను అడగలేదు. వదిన కూడా కేసు మాట ఎత్తలేదు. చెయ్యి కొలత తీస్తుంటే చూశాను, ఎంత చిక్కిపోయిందో. అప్పుడే గుమ్మం దగ్గర నీడ పడింది. తలెత్తితే ఆ డాక్టరు పిల్ల, తెల్లకోటులోనే. ఆ గుంపుకు అది ఆఖరి వారం.

"పోతున్న అక్కా. చెప్పిపోదామని..." అని ఆగిపోయింది, లోపల ఇంకొకరు ఉన్నారని చూసి.

నాకు టేపు చేతిలోనే ఉండిపోయింది. ఇద్దరిలో ఎవరికి ఎవరిని చూపించాలి, ఏమని? కానీ వదిన ఆ కోటు వైపు చూస్తోంది. భుజం మీద నేను వేసిన పట్టీ, దగ్గరగా చూస్తే కనిపిస్తుంది.

"మేడం, మీరేనా?" అంది వదిన. "మా తమ్ముని దగ్గర ఉన్నది మీరేనా?"

ఆమె నా వైపు చూసింది. నేను తలూపాను. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది, గుమ్మం బయటికి. ఆ అడుగు నేను చూశాను, వదినా చూసింది.

"భయపడకున్రి మేడం. నేనేమన" అంది వదిన. "ఒక్కటి అడగాలె మిమ్ముల. ఆఖరికి వాడు ఏమన్న అన్నడా?"

ఆమె గుమ్మం పట్టుకుని చెప్పింది.

"మాట్లాడలేకపోయిండు. వచ్చినప్పుడు ఊపిరి ఉండె. చెయ్యి పట్టుకొని నీ పేరేంది అని అడిగిన. కండ్లు తెరిచి చూసిండు. ఒక్కసారే."

"చూసిండా?"

"చూసిండు. నొప్పి తెలిసేంత సోయి లేకుండె. ఆ తర్వాత నేను చెయ్యి ఇడిచింది ఛాతి నొక్కనీకే." ఆమె తన చేతులు చూసుకుంది. "ఆ రోజు బయటికి వచ్చింది అదే చెప్పనీకి."

వదిన తల వంచుకుంది. నేను ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మావోళ్లు చెప్పనియ్యలే" అంది. "మొగోళ్లు సంతకాలు పెట్టిన్రు, మొగోళ్లు కొట్టిన్రు. నన్ను ఎవ్వరు ఏం అడగలే." జాకెట్ ముక్క మడుస్తూ, "పోయినోళ్ల కండ్లు ఇయ్యొచ్చునంట గదా మేడం? ఇది చెప్పింది నాకు" అని నన్ను చూపించింది. నేను ఎప్పుడు చెప్పానో నాకే గుర్తులేదు. ఏదో ఒకరోజు వాగి ఉంటాను. "మీరు అడిగేటోళ్లా మమ్ముల?"

"అడగాలె. ముందు జర మీతోని కూసొని, తర్వాత మెల్లగ అడగాలె. కూసునే టైమే రాలే."

"అడిగితే ఇద్దునో ఇయ్యకపోదునో, నాకైతే తెల్వది" అంది వదిన. "తిట్టి పంపిద్దునేమో గూడ."

"తిట్టినా ఏమనుకోకపోదును అక్కా" అంది ఆమె.

వదిన వంగి, స్టూలు మీద నేను పెట్టిన బట్టలు తీసి బల్ల మీద వేసింది. స్టూలు గుమ్మం దగ్గరికి జరిపింది.

"కూసో మేడం. మొదట్నుంచి చెప్పు. ఆటోలకెల్లి దించినకాడి నుంచి. ఒక్కటి గూడ ఇడిసిపెట్టకు."

ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చి కూర్చుంది. ఫ్యాను చప్పుడుకు మాటలు వినబడవేమోనని నేను లేచి దాన్ని ఆపేశాను.